‘అపారెంట్లీ’ నుంచి ‘అట’ దాకా: చూపును తెలిపే ఒక ఆంగ్ల క్రియావిశేషణం - తెలుగు అనువాద సమస్యలు

వ్యాససంగ్రహం

‘అపారెంట్లీ’ అనే ఆంగ్ల క్రియావిశేషణం ‘కంటికి కనిపించేటట్లుగా’ అనే అర్థంతో ఆంగ్లంలోకి వచ్చింది. కాలక్రమంలో అది ‘పైకి తోచినంతవరకు’ అనే అర్థాన్నీ, అక్కడి నుంచి ‘విన్నదాన్ని బట్టి’ అనే అర్థాన్నీ సంతరించుకుంది. ఈ అర్థాలన్నిటినీ తెలుగు ఒకే పదంతో చెప్పదు. చూసినదాన్ని, ఊహించినదాన్ని, విన్నదాన్ని వేర్వేరు రూపాలతో వేరుచేసి చెబుతుంది. అందువల్ల ఈ ఆంగ్లపదాన్ని తెలుగులోకి తెచ్చే అనువాదకుడు సమానార్థక పదాన్ని వెతకడం కన్నా ముందు, వాక్యంలోని విషయం వక్తకు ఎలా తెలిసిందో నిర్ణయించుకోవలసి ఉంటుంది. ఈ నిర్ణయం చేయకుండా ‘స్పష్టంగా’, ‘తెలుస్తోంది’ వంటి మాటలను వాడితే మూలంలో లేని నిశ్చయం అనువాదంలో చేరుతుందని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: క్రియావిశేషణం, అర్థపరిణామం, ప్రమాణాలు, ఐతిహ్యం, ‘అట’, అనువాదం, న్యాయభాష.

ఉపోద్ఘాతం

‘కొండ మీద నిప్పుంది’, ‘కొండ మీద నిప్పున్నట్టుంది’, ‘కొండ మీద నిప్పుందట’ - ఈ మూడు వాక్యాలలోనూ చెప్పిన విషయం ఒక్కటే. చెప్పినవారికి ఆ విషయం తెలిసిన తీరు మాత్రం వేరు. మొదటి వాక్యం పలికినవారు ఆ మాటకు పూర్తి పూచీ పడుతున్నారు. రెండవవారు పొగనో, ఎర్రటి వెలుగునో చూసి ఊహిస్తున్నారు. మూడవవారు ఎవరో చెప్పగా విన్నారు. తెలుగు మాతృభాషగా గలవారెవరూ ఈ భేదాన్ని వ్యాకరణం చదివి నేర్చుకోరు. చిన్నపిల్లలు సైతం ‘నాన్న వచ్చాడు’ అన్నదానికీ ‘నాన్న వచ్చాడట’ అన్నదానికీ ఉన్న తేడాను తప్పు లేకుండా పాటిస్తారు.

పై మూడింటిలో చివరి రెండు వాక్యాలకూ ఆంగ్లంలో ‘అపారెంట్లీ’ అనే ఒక్క మాట చాలు. పాత ఆంగ్లగ్రంథాల వాడుకను లెక్కలోకి తీసుకుంటే, ‘కళ్లెదుటే కనిపిస్తోంది’ అనే నిశ్చయార్థం కూడా ఆ పదానికే ఉండేది. ఇలా ఒక్క పదం తెలుగులోని మూడు వాక్యరూపాల మీదుగా విస్తరించి ఉండటం అనువాదకుడికి చిక్కుముడి. నిఘంటువు ఇచ్చే అర్థాలలో ఏదో ఒకదాన్ని ఎంచుకుని ముందుకు సాగితే వాక్యం వ్యాకరణరీత్యా శుద్ధంగానే ఉంటుంది. అయితే ఆ మాటకు ఎవరు, ఎంతవరకు బాధ్యులనేది మారిపోతుంది. వార్తలోనూ, న్యాయస్థాన పత్రాలలోనూ, వైద్య సమాచారంలోనూ ఈ మార్పు చిన్నది కాదు. ఈ వ్యాసంలోని ఉదాహరణ వాక్యాలు విశ్లేషణ కోసం కూర్చినవి.

1. పదం పుట్టుక - అర్థపరిణామం

‘అపారెంట్’ అనే విశేషణానికి మూలం ‘కనిపించు, కంటి ముందుకు వచ్చు’ అనే అర్థం గల లాటిన్ క్రియ. పాత ఫ్రెంచి ద్వారా అది ఆంగ్లంలో చేరింది. దాని నుంచి ఏర్పడిన క్రియావిశేషణం తొలిదశలో ‘బాహాటంగా, కంటికి కనిపించేటట్లుగా’ అనే అర్థాన్నే ఇచ్చేది. షేక్స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ నాలుగవ అంకం మొదటి రంగంలో, తనను అవమానించిన తీరును గురించి స్వర్ణకారుడు ఏంజెలో మాట్లాడుతూ ఈ పదాన్ని వాడతాడు. అక్కడ దాని అర్థం ‘అందరూ చూస్తుండగా, బాహాటంగా’ అని మాత్రమే. నేటి అర్థంతో ‘అవమానించినట్టుంది’ అని చదివితే పాత్ర కోపానికి ఆధారమే పోతుంది.

1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిలు మరింత స్పష్టమైన సాక్ష్యం. సంఖ్యాకాండం 12వ అధ్యాయం 8వ వచనంలో దేవుడు మోషేతో మాట్లాడే తీరును చెప్పేచోట ఈ పదం ఉంది. మరుగుమాటలకు వ్యతిరేకంగా, ఎదుటపడి మాట్లాడటమని అక్కడి భావం. హీబ్రూ మూలంలో ఆ స్థానంలో ఉన్నది చూపుకు, దర్శనానికి సంబంధించిన పదమే. తెలుగు బైబిలులో అదే చోట ‘దర్శనమిచ్చి’ అనే మాట ఉండటం గమనార్హం. 1885లో పాత నిబంధనతో సహా వచ్చిన ఆంగ్ల సవరణ ప్రతి ఈ పదాన్ని తొలగించి ‘మానిఫెస్ట్లీ’ అనే పదాన్ని ఉంచింది. మూలంలోని భావం మారలేదు. ఆ భావాన్ని మోయగల శక్తి పాతపదానికి అప్పటికి తగ్గిపోయింది.

ఈ పరిణామానికి కారణం చూపు స్వభావంలోనే ఉంది. కంటికి కనిపించేది నిజమని నమ్ముతాం. కనిపించేదంతా నిజం కాదని కూడా అనుభవం నేర్పుతుంది. తాడు పాములా కనిపిస్తుంది, ముత్యపుచిప్ప వెండిలా మెరుస్తుంది. ‘కనిపించు’ అనే భావంలో ‘ఉన్నది బయటపడు’ అనే అర్థమూ, ‘లేనిది ఉన్నట్టు తోచు’ అనే అర్థమూ కలిసే ఉంటాయి. తెలుగులోని ‘కనబడు’ క్రియకు కూడా ఈ రెండు ముఖాలున్నాయి. ‘దూరాన గోపురం కనబడుతోంది’ అన్నప్పుడు గోపురం ఉనికి మీద సందేహం లేదు. ‘ఆయన మంచివాడిలా కనబడతాడు’ అన్నప్పుడు సందేహానికి చోటు ఏర్పడింది. ‘లా’ అనే చిన్న ప్రత్యయం ఆ పని చేసింది. ఆంగ్ల క్రియావిశేషణంలో ఆ మలుపును చూపే గుర్తు ఏదీ చేరలేదు. రూపం అలాగే ఉండి, అర్థం మాత్రం మారింది.

2. విశేషణం ఒక దారి, క్రియావిశేషణం మరో దారి

అనువాదకులను తరచు తప్పుదారి పట్టించేది విశేషణానికీ క్రియావిశేషణానికీ మధ్య నేడు ఏర్పడిన ఎడం. ‘అపారెంట్’ అనే విశేషణంలో పాత అర్థం ఇప్పటికీ సజీవంగా ఉంది. అది విధేయస్థానంలో, అంటే ‘ఫలానా విషయం అపారెంట్’ అనే తీరులో, వచ్చినప్పుడు సాధారణంగా ‘స్పష్టం’ అనే అర్థమిస్తుంది. నామవాచకానికి ముందు చేరి ‘అపారెంట్ వైరుధ్యం’ వంటి పదబంధంగా ఏర్పడినప్పుడు ఎక్కువగా ‘పైకి అలా తోచేది, నిజానికి కాకపోవచ్చు’ అనే అర్థాన్ని ఇస్తుంది. క్రియావిశేషణానికి నేటి ఆంగ్లంలో ఈ రెండవ అర్థమూ, దాని నుంచి పుట్టిన ‘విన్నదాన్ని బట్టి’ అనే అర్థమూ మిగిలాయి. ‘స్పష్టంగా’ అనే అర్థం దాదాపు అంతరించింది.

విశేషణానికి చెప్పిన అర్థానికి ‘గా’ చేర్చి క్రియావిశేషణాన్ని తయారు చేసుకోవడం తెలుగులో సహజమైన పద్ధతి. ‘అందమైన’ నుంచి ‘అందంగా’, ‘వేగమైన’ నుంచి ‘వేగంగా’ ఇలాగే ఏర్పడతాయి. ఇదే పద్ధతిలో ‘స్పష్టమైన’ నుంచి ‘స్పష్టంగా’ అనే అర్థాన్ని ‘అపారెంట్లీ’కి అంటగడితే దోషం ఏర్పడుతుంది. ఈ దోషానికి వ్యాకరణ కారణం కూడా ఉంది. క్వర్క్ మొదలైనవారు 1985లో వెలువరించిన బృహద్వ్యాకరణం ఆంగ్ల క్రియావిశేషణాలలో క్రియ జరిగిన తీరును చెప్పేవాటినీ, మొత్తం వాక్యం మీద వక్త వైఖరిని తెలిపేవాటినీ వేరుచేసింది. ‘అపారెంట్లీ’ రెండవ తరగతికి చెందుతుంది. తెలుగు ‘గా’ ప్రధానంగా తీరును చెబుతుంది. వక్త వైఖరిని తెలపడానికి తెలుగు ఎక్కువగా వాక్యాంతంలోని క్రియారూపాన్నీ, దానికి చేరే ప్రత్యయాలనూ ఆశ్రయిస్తుంది. ఆంగ్లవాక్యం తలదగ్గరే చేసే హెచ్చరికను తెలుగు వాక్యం చివర చేస్తుంది. పదానికి పదం పెట్టే అనువాదం ఈ స్థానభేదాన్ని గుర్తించదు.

చూపుతో సంబంధమున్న తోటి పదాలతో పోలిస్తే ఈ సంగతి మరింత తేటపడుతుంది. ‘విజిబ్లీ’ అనే క్రియావిశేషణం నేటికీ కంటిని విడిచి వెళ్లలేదు. ఒక వ్యక్తి ‘విజిబ్లీ’ చలించిపోయాడంటే ఆ చలనం ముఖంలోనో, గొంతులోనో ఎదుటివారికి తెలిసిందని అర్థం. దీనికి ‘పైకి తెలిసేంతగా’ అనే తెలుగు సరిపోతుంది. ‘చూచు’ అనే అర్థం గల లాటిన్ ధాతువు నుంచి వచ్చిన ‘ఎవిడెంట్లీ’ నిశ్చయానికీ ఊహకూ మధ్య ఊగిసలాడుతుంది. ‘చూపు, ప్రదర్శించు’ అనే అర్థం నుంచి వచ్చిన ‘ఆస్టెన్సిబ్లీ’ పదంలో ‘పైకి చెప్పుకునే కారణం ఇది, అసలు కారణం వేరు కావచ్చు’ అనే అనుమానం ఉంటుంది. ఈ పదాలన్నిటినీ ‘స్పష్టంగా’ అనో ‘బహుశా’ అనో రెండు మాటల్లో ఇమడ్చడం వాటి మధ్య ఉన్న భేదాలను చెరిపివేయడమే.

3. ప్రమాణాల వెలుగులో

విషయం వక్తకు ఎలా తెలిసిందో భాష తెలపడాన్ని ఆధునిక భాషాశాస్త్రం ప్రత్యేకంగా అధ్యయనం చేసింది. చేఫ్, నికల్స్ సంపాదకత్వంలో 1986లో వచ్చిన వ్యాససంపుటి, ఐఖెన్‌వాల్ద్ 2004లో వెలువరించిన గ్రంథం ఈ రంగంలో ప్రసిద్ధమైనవి. కొన్ని భాషల్లో ఈ సూచన వ్యాకరణంలోనే తప్పనిసరి అనీ, ఆంగ్లం వంటి భాషల్లో ఎక్కువగా పదాల ద్వారా ఐచ్ఛికంగా జరుగుతుందనీ ఈ అధ్యయనాలు చూపాయి.

భారతీయ తర్కశాస్త్రం ఇదే ప్రశ్నను మరోవైపు నుంచి ఎప్పుడో వేసింది. జ్ఞానం ఎలా కలుగుతుందనే ప్రశ్నకు న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను చెప్పింది. వీటితో పాటు ‘ఐతిహ్యం’ అనే దాన్నీ చర్చించి, శబ్దంలోనే అంతర్భవిస్తుందని తేల్చింది. మొదట చెప్పినవారెవరో తెలియకుండా పరంపరగా వచ్చే మాట ఐతిహ్యం. ‘ఈ మర్రిచెట్టు మీద యక్షుడుంటాడు’ అని ఊరివారు చెప్పుకునే మాట దీనికి శాస్త్రగ్రంథాలలో కనిపించే ప్రసిద్ధ ఉదాహరణ. ఈ ఉదాహరణను తెలుగులో సహజంగా చెప్పాలంటే ‘యక్షుడుంటాడట’ అనక తప్పదు.

ఈ చట్రంలో చూస్తే ‘అపారెంట్లీ’ చరిత్ర చక్కగా అమరుతుంది. ఆ పదం ప్రత్యక్షంలో పుట్టింది, అనుమానంలోకి నడిచింది, చివరకు ఐతిహ్యం దాకా వచ్చింది. అయితే ఒక జాగ్రత్త అవసరం. తర్కశాస్త్రంలోని అనుమానం పొగను బట్టి నిప్పును నిశ్చయించే యథార్థజ్ఞానం. వాడుకలోని ‘సందేహం’ అనే అర్థం దానికి లేదు. ‘నిప్పున్నట్టుంది’ అనే తెలుగు వాక్యంలో అంత నిశ్చయం ఉండదు. ఈ పోలిక జ్ఞానం కలిగిన మార్గానికే గాని దాని గట్టిదనానికి వర్తించదు. పరోక్షజ్ఞానాన్ని వేరుగా గుర్తించే సంప్రదాయం సంస్కృత వ్యాకరణంలోనూ ఉంది. వక్త ఎదుట జరగని భూతకాలక్రియకు పాణిని లిట్ లకారాన్ని విధించాడు. ‘కిల’ అనే అవ్యయానికి అమరకోశం చెప్పిన అర్థాలలో ‘వార్త’ ఒకటి.

4. తెలుగు చేసే విభజన

తెలుగులో ఈ పనికి వాడే రూపాలను స్థూలంగా నాలుగు వర్గాలు చేయవచ్చు.

మొదటిది, పైరూపాన్ని చెప్పేవి: ‘పైకి’, ‘చూపులకు’, ‘చూడటానికి’. ‘పైకి శాంతంగా ఉన్నాడు’ అన్నప్పుడు లోపలి సంగతి వేరు కావచ్చుననే సూచన వెంటనే కలుగుతుంది.

రెండవది, ఆనవాళ్లను బట్టి ఊహించేవి: ‘-నట్టుంది’, ‘-లాగుంది’, ‘చూడబోతే’. తెల్లవారి లేచి తడినేలను చూసినవారు ‘రాత్రి వాన పడినట్టుంది’ అంటారు. ఆ సందర్భంలో ‘పడిందట’ అనరు.

మూడవది, ఆనవాళ్లను ప్రత్యేకంగా చూపకుండా ఊహను మాత్రమే తెలిపేవి: ‘కాబోలు’, ‘గామోసు’, ‘అయివుండాలి’.

నాలుగవది, వినికిడిని తెలిపే ‘అట’. ప్రాంతాన్ని, సందర్భాన్ని బట్టి ఇది ‘ట’గానూ ‘అంట’గానూ వినిపిస్తుంది. ‘వచ్చాడట’, ‘వచ్చిండంట’, ‘వచ్చినాడంట’ అనే రూపాల్లో క్రియ మారినా వినికిడిని తెలిపే ప్రత్యయం చేసే పని మారదు.

‘అట’ శక్తి ఉత్తమపురుషలో బాగా వెల్లడవుతుంది. ‘రాత్రి నిద్రలో నేను మాట్లాడానట’ అనే వాక్యంలో కర్త, వక్త ఒక్కరే. అయినా తన పని తనకు తెలియదు, ఇతరులు చెప్పగా తెలిసింది. ఇక్కడ ఆంగ్లంలో ‘అపారెంట్లీ’ అచ్చంగా సరిపోతుంది. ఎత్తిపొడుపులోనూ రెండు భాషలూ కలుస్తాయి. ‘ఈయనగారు పెద్ద పండితుడట!’ అన్నప్పుడు వక్త ఆ మాటను తనది కాదని దూరంగా నెట్టివేస్తాడు. సరైన కాకువుతో పలికితే ఆంగ్లపదమూ అదే పని చేస్తుంది. ప్రశ్నలో మాత్రం దారులు వేరవుతాయి. ‘ఎప్పుడొస్తాడట?’ అనే ప్రశ్న ఎదుటివారికి తెలిసిన వినికిడిని అడుగుతుంది. ఆ వాక్యంలో ‘అపారెంట్లీ’ని ఉంచి అదే భావాన్ని రాబట్టడం సాధ్యం కాదు.

5. అనువాదంలో దోషాలు

మొదటి దోషం, అర్థం తలకిందులు కావడం. వైద్యరచనల్లో ‘అపారెంట్లీ హెల్దీ’ అనే పదబంధం తరచు వస్తుంది. రోగక్రిమి ఒంట్లో ఉన్నా లక్షణాలు బయటపడని వ్యక్తి నుంచి ఇతరులకు వ్యాధి సోకవచ్చునని చెప్పేచోట ఈ మాటకు చాలా ప్రాధాన్యం ఉంది. దీన్ని ‘స్పష్టంగా ఆరోగ్యవంతులైన’ అని అనువదిస్తే మూలం చేసిన హెచ్చరిక హామీగా మారుతుంది. ‘పైకి ఆరోగ్యంగా కనిపించే’ అన్నది సరైన అనువాదం. ఇక్కడ క్రియావిశేషణం ఒక్క విశేషణానికే పరిమితం కావడం వల్ల, తెలుగులో మొదటి వర్గపు రూపమే కావాలి.

రెండవ దోషం, ఊహను వినికిడిగానో, వినికిడిని ఊహగానో మార్చడం. ‘అపారెంట్లీ దొంగ కిటికీ గుండా వచ్చాడు’ అనే ఆంగ్లవాక్యాన్ని ఎవరు పలికారన్నది తెలుసుకోవాలి. విరిగిన ఊచలను చూసిన పోలీసు అధికారి పలికితే ‘వచ్చినట్టుంది’ అనాలి. ఆ సంగతి విన్న పొరుగువారు పలికితే ‘వచ్చాడట’ అనాలి. ఆంగ్లవాక్యం ఈ తేడాను చెప్పకుండా దాటవేయగలదు. తెలుగు వాక్యానికి ఆ వెసులుబాటు తక్కువ. అందువల్ల నవలానువాదకుడు ముందు వెనుకల సన్నివేశాన్ని చదివి, ఆ పాత్ర దేన్ని చూసిందో, ఏం విన్నదో గుర్తుంచుకోవలసి ఉంటుంది.

మూడవ దోషం, ‘బహుశా’ అనే మాటతో సరిపెట్టడం. ‘బహుశా’ సంభావ్యతను చెబుతుంది, ఆధారాన్ని చెప్పదు. ‘బహుశా వచ్చి ఉంటాడు’ అన్నప్పుడు వక్త తన లెక్కను చెబుతున్నాడు. ‘వచ్చాడట’ అన్నప్పుడు వక్త లెక్క వేయడం లేదు; అతడు ఆ మాటను నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు. మాటను అప్పగించి పక్కకు తప్పుకుంటున్నాడు.

6. తెలుగువారి ఆంగ్లంలో ‘ఇట్ సీమ్స్’

దక్షిణభారతీయుల ఆంగ్లంలో వాక్యాంతంలో ‘ఇట్ సీమ్స్’ అని చేర్చే అలవాటు ప్రసిద్ధం. ‘రేపు సెలవట’ అనే తెలుగు వాక్యం ‘టుమారో ఈజ్ హాలిడే ఇట్ సీమ్స్’గా మారుతుంది. దీన్ని తప్పు ఆంగ్లమని కొట్టివేయడం సులభం. నిజానికి ఇది, మాతృభాషలోని ఒక వ్యాకరణ బాధ్యతను పరభాషలోనూ వదులుకోలేని వక్త చేసే ప్రయత్నం. వాక్యాంతంలోని ‘అట’ స్థానాన్ని సైతం అతడు నిలుపుకున్నాడు.

చిక్కు ఎక్కడంటే, ‘ఇట్ సీమ్స్’ను ఆంగ్లేయులు వక్త స్వయంగా చేసిన ఊహగా అర్థం చేసుకోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. తెలుగువారు ‘నాకు చెప్పారు’ అనుకుని పలికిన మాట వారికి ‘నాకు అనిపిస్తోంది’ అని వినబడుతుంది. తాను మోయదలచని బాధ్యత వక్త భుజాన పడుతుంది. ఆ స్థానంలో ‘అపారెంట్లీ’ని వాడితే భావం చాలావరకు నిలుస్తుంది. ఇందులో నిఘంటుకారులకు ఒక పాఠం ఉంది. ఆంగ్లం నుంచి తెలుగుకు వచ్చేటప్పుడు ‘స్పష్టంగా’, ‘పైకి’ అనే దగ్గరే ఆగిపోకుండా, తెలుగు నుంచి ఆంగ్లానికి వెళ్లేటప్పుడు ‘అట’కు ఏ పదం అవసరమవుతుందో కూడా చూడాలి. రెండు దిశల్లోనూ పరిశీలించినప్పుడే సమానార్థకత నిగ్గు తేలుతుంది.

7. న్యాయభాషలో చూపు విలువ

న్యాయభాషలో ఈ పదకుటుంబం అనువాదకుడిని మరింత కఠినంగా పరీక్షిస్తుంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 47వ ఆర్డరు 1వ రూలు, తీర్పు పునస్సమీక్షకు గల కారణాలలో ‘రికార్డు ముఖాన అపారెంట్‌గా ఉన్న దోషం’ ఒకటని చెబుతుంది. ఇక్కడ విశేషణం పాత అర్థంలోనే ఉంది: చూడగానే కనిపించే దోషం. తుంగభద్ర ఇండస్ట్రీస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల మధ్య నడిచిన కేసులో 1963లో వెలువడిన తీర్పులో సుప్రీంకోర్టు, కేవలం పొరపాటైన నిర్ణయానికీ, ఇలా చూడగానే కనిపించే దోషానికీ ఉన్న భేదాన్ని చర్చించింది. సుదీర్ఘమైన వాదన చేస్తే తప్ప బయటపడని దోషం ఈ మాట పరిధిలోకి రాదు. వార్తానువాదంలో అలవాటైన ‘పైకి దోషంలా కనిపించేది’ అనే మాటను ఇక్కడ వాడితే న్యాయసూత్రమే తారుమారవుతుంది. ఆరోగ్యవంతుల విషయంలో తప్పైన ‘స్పష్టమైన’ అనే మాట ఇక్కడ ఒప్పవుతుంది.

1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 5వ సెక్షన్‌లోనూ ఇదే పదం చూపునకు కట్టుబడి ఉంది. స్థిరమైన గుర్తు ఏదో ఒకటి ఉండి, విషయం తెలిసినవారు జాగ్రత్తగా పరిశీలిస్తే కంటికి కనిపించే హక్కును ఆ చట్టం ‘అపారెంట్’ అంటుంది. పొరుగువారి భూమి మీదుగా నీరు తెచ్చే కాలువ, ఆ నీటిని బయటకు పంపే మురుగుకాలువ ఇందుకు చట్టం చూపిన ఉదాహరణలు. అదే 1882లో వచ్చిన ఆస్తి బదిలీ చట్టం 41వ సెక్షన్ ‘ఆస్టెన్సిబుల్’ యజమానిని పేర్కొంటుంది. అక్కడ అర్థం ‘పైకి యజమానిగా కనిపించే వ్యక్తి’. ఒకే సంవత్సరం వచ్చిన రెండు చట్టాలలో చూపునకు సంబంధించిన రెండు విశేషణాలు ఉన్నదాన్ని, ఉన్నట్టు తోచేదాన్ని వేరుచేసి చెబుతున్నాయి.

సాక్ష్యం విషయంలో ఈ సమస్య వ్యక్తుల జీవితాలను తాకుతుంది. చూసి తెలుసుకోగల విషయమైతే, చూశానని చెప్పే సాక్షి మాటే నోటిసాక్ష్యంగా ఉండాలని 1872 నాటి సాక్ష్యచట్టం 60వ సెక్షన్ నిర్దేశించింది. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ నియమాన్ని కొనసాగించింది. సాక్షి ‘వాడు కత్తితో వచ్చాడట’ అని చెప్పగా ఆంగ్లంలో ‘వచ్చాడు’ అనే అర్థంతో నమోదైతే, వినికిడి మాట ప్రత్యక్షసాక్ష్యంగా మారుతుంది. ‘అపారెంట్లీ వచ్చాడు’ అని నమోదైనా చిక్కు తీరదు. అది సాక్షి చేసిన ఊహో, విన్న మాటో తేలదు. ‘అతడు వచ్చినట్లు ఇతరులు చెప్పగా విన్నానని సాక్షి తెలిపాడు’ అని వివరించి రాయడమే ఇక్కడ విశ్వసనీయమైన అనువాదం. సంక్షిప్తత కోసం ‘అట’ను వదిలిపెట్టే హక్కు అనువాదకుడికి లేదు.

8. శిష్టరచనలో ‘అట’ పట్ల సంకోచం

వినికిడిని తెలపడానికి ఇంత సూక్ష్మమైన సాధనం ఉన్నా, నేటి వార్తారచన, శాస్త్రరచన దాన్ని తప్పించుకుంటున్నాయి. ‘అట’ వ్యవహారంలోనిదనీ, కబుర్ల వాసన కొడుతుందనీ ఒక భావన ఉంది. దాని స్థానంలో ‘అని తెలుస్తోంది’, ‘అని సమాచారం’ వంటి ముగింపులు స్థిరపడ్డాయి. ఈ మార్పు శైలికే పరిమితం కాలేదు. ‘తెలియు’ అనే క్రియ జ్ఞానాన్ని చెబుతుంది, వినికిడిని కాదు. ‘మంత్రి రాజీనామా చేశారట’ అన్నప్పుడు పాఠకుడు ఆ మాటను నిలిపి చూసుకుంటాడు. ‘మంత్రి రాజీనామా చేసినట్లు తెలుస్తోంది’ అన్నప్పుడు అదే వినికిడి జ్ఞానపు దుస్తులు తొడుక్కుంటుంది. ఎవరికి తెలిసింది, ఎలా తెలిసింది అనే ప్రశ్నలు వెనక్కు పోతాయి. పత్రికాభాషలో ఉన్న ‘అని వినికిడి’ అనే పాత ముగింపు ఈ విషయంలో మరింత నిజాయతీ గలది. ఆ మాట తన ఆధారాన్ని తానే చెప్పుకుంటుంది.

‘అట’ శిష్టత లేని మాటన్న భావన సాహిత్యచరిత్ర ముందు నిలవదు. పోతన భాగవతం పీఠికలో తన రచనకు కర్తృత్వాన్ని శ్రీరామునికి అప్పగించే ప్రసిద్ధ కందపద్యంలో ‘అట’ మూడుసార్లు వస్తుంది. అక్కడ ‘అట’ సందేహాన్ని చెప్పదు. చెప్పిన మాటకు తాను యజమానిని కానని కవి వినయంతో పక్కకు తప్పుకోవడానికి అది ఉపకరించింది. జానపదకథల్లో ‘ఒక రాజుండేవాడట’ అని మొదలుపెట్టే కథకుడు చేసే పనీ అదే. మహాకవి పద్యానికీ, కథ చెప్పే అవ్వకూ సరిపోయిన ప్రత్యయం వార్తకూ పరిశోధనకూ తగదనడానికి భాషాపరమైన కారణం కనిపించదు. ప్రతిచోటా ‘అట’నే వాడాలని దీని అర్థం కాదు. పరిశోధనలో ఎవరు చెప్పారో తెలిసినప్పుడు వారి పేరు చెప్పడమే పద్ధతి. మొదట చెప్పినవారు తెలియనప్పుడు, తెలియదనే సంగతి వాక్యరూపంలో కనిపించాలి. ఆ పనికి ‘తెలుస్తోంది’ కన్నా ‘అట’, ‘అంటారు’, ‘వినికిడి’ అనేవి తగినవి.

ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ‘అపారెంట్లీ’ ప్రత్యక్షదర్శనాన్ని తెలిపే పదంగా మొదలై, ఊహకూ వినికిడికీ విస్తరించింది. పాత అర్థం విశేషణంలోనూ న్యాయభాషలోనూ నిలిచింది. క్రియావిశేషణంలో దాదాపు అంతరించింది. అందువల్ల విశేషణార్థానికి ‘గా’ చేర్చి క్రియావిశేషణానికి అర్థం చెప్పడం సరికాదు.

2. తెలుగు ఈ భావాలను ‘పైకి’, ‘-నట్టుంది’, ‘కాబోలు’, ‘అట’ వంటి వేర్వేరు రూపాలతో చెబుతుంది. ఆంగ్ల - తెలుగు నిఘంటువులు ఈ పదానికి అర్థాలను వరుసగా పేర్చడంతో సరిపెట్టక, ఏ అర్థం ఏ వాక్యస్థానంలో, ఏ ఆధారంతో వస్తుందో ఉదాహరణలతో చూపాలి. ‘అట’ వంటి ప్రత్యయానికీ అర్థాల పట్టికలో చోటివ్వాలి.

3. చట్టాల అనువాదంలో పదం ఏ సెక్షన్‌లో ఏ అర్థంలో ఉందో విడివిడిగా నిర్ణయించాలి. సాక్ష్యాల అనువాదంలో ‘అట’ను వదిలిపెట్టరాదు. అవసరమైతే పూర్తి వాక్యంగా విడదీసి రాయాలి.

4. వార్తారచనలో ‘తెలుస్తోంది’ అనే ముగింపు వినికిడికి జ్ఞానస్థాయిని కల్పిస్తుంది. దీన్ని పత్రికాభాష బోధనలో విమర్శనాత్మకంగా చర్చించవలసి ఉంది.

ఒక భాషలో ఉన్న అస్పష్టతను మరో భాష నిలుపుకోలేనప్పుడు, అనువాదకుడు ఏదో ఒక పక్షాన నిలవక తప్పదు. ‘అపారెంట్లీ’ని తెలుగులోకి తెచ్చే ప్రతిసారీ వక్త చూశాడా, ఊహించాడా, విన్నాడా అనే ప్రశ్నకు జవాబు వెతకాలి. మూలరచయిత ఆ జవాబును చెప్పకుండా వదిలినచోట, తెలుగు వాక్యం దాన్ని తనంతట తాను ‘స్పష్టం’ చేయకుండా ఉండటమే అనువాదకుడు పాటించవలసిన కనీస ధర్మం.